కృపమ్మ కడిగిన గుళ్ళు

ఖరగ్‌పూర్‌లో తెలుగు క్రైస్తవుల ఇంట ఎవరు కన్నుమూసినా, పెట్టె చేసేవాడికంటే ముందు కబురు వెళ్ళేది కృపమ్మకే. పోయినవాళ్ళకి ఆఖరి స్నానం ఆమె చేతిమీదుగా జరగాలి. రైల్వే క్వార్టర్లలో ఉన్నవాళ్ళకైనా, తాల్‌బగీచాలో సొంత మేడలు కట్టుకున్నవాళ్ళకైనా నలభై ఏళ్ళుగా అదే ఆనవాయితీ. మామూలు రోజుల్లో ఆమెని గుమ్మం దాటి రమ్మననివాళ్ళు కూడా ఆ రోజు మాత్రం చెయ్యి పట్టుకుని తిన్నగా పడగ్గదిలోకి తీసుకుపోతారు. పని అయ్యాక ఓ గ్లాసు టీ ఇస్తారు, అదీ వీధి అరుగు మీదే.

ఆమెకి ఇంకో పని కూడా ఉంది. శనివారం శనివారం తెలుగు చర్చి ఊడ్చి కడగడం. చర్చి అని ఈ కాలం పిల్లలు అంటున్నారు గానీ, ఆమె తరం వాళ్ళకి అది గుడే. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చిన తాతల నాటి మాట అది. కృపమ్మ లెక్కలో శవానికి స్నానం చేయించడమూ గుడి కడగడమే. "ఎక్కడికే పొద్దున్నే?" అని పక్కింటి నూకాలమ్మ అడిగితే "గుడి కడగడానికి" అనేది. ఏ గుడో చేతిలో సామాను చూసి తెలుసుకోవాలి. చీపురూ బకెట్టూ ఉంటే ఇటుకల గుడి. సబ్బుబిళ్ళా, ఉతికిన పాతచీర ముక్కలూ ఉంటే మనిషి గుడి. నూకాలమ్మ గోల్‌బజార్‌లో కూరగాయలమ్మే మనిషి, హిందువు. ఈ మాటలకి మొదట్లో నవ్వేది, తర్వాత అలవాటు పడిపోయింది.

ఈ మాట కృపమ్మ సొంతం కాదు. పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో అప్పటి పాస్టరుగారి భార్య సాయంత్రాలు ఆడవాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. బైబిల్లో పౌలు కొరింథీ వాళ్ళకి రాసిన ఉత్తరంలో కృపమ్మ తనంతట తాను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం అది. మీరే దేవుని గుడి, ఆయన ఆత్మ కాపురం ఉండేది మీలోనే అని దాని సారం. చదువుతూ చదువుతూ ఆమె ఒకచోట ఆగిపోయింది. ఆగింది గుడి అన్న మాట దగ్గర కాదు. మీరు అన్న మాట దగ్గర.

ఆమెని అప్పటిదాకా ఎవరూ మీరు అనలేదు. వర్క్‌షాపులో ఖలాసీగా చేసే మొగుడు శామ్ ఒసే అనేవాడు. అత్త సంగతి చెప్పక్కర్లేదు. సంఘపెద్దలు ఏయ్ కృపమ్మా అని కేకేసేవారు. అంట్లు తోమడానికి వెళ్ళిన బంగళాల్లో బెంగాలీ అమ్మగారు తుయి అనేది, హిందీ అమ్మగారు తూ అనేది. ఇంగ్లీషులో ఏమనేవారో ఆమెకి తెలీదు కాబట్టి అది వదిలేద్దాం. మిగతా మూడు భాషల్లోనూ ఆమెది అడుగు మెట్టే. అలాంటిది పౌలుగారంతటివాడు, సముద్రాలు దాటి, చెరసాలల్లో పడి లేచినవాడు, ఆమెని మీరు అన్నాడు. ఆ వాక్యం మీద వేలు పెట్టి ఆమె పదిసార్లు చదువుకుంది. ఇంటికొచ్చి నూకాలమ్మ ఒక్కదానికే చెప్పింది, సిగ్గుపడుతూ.

"నన్ను మీరు అన్నాడే, నూకాలూ."

ఆ తర్వాతే ఆమె శవస్నానాలకి ఒప్పుకుంది. ఒక డ్రైవరుగారి తల్లి క్షయతో పోతే దగ్గరికెళ్ళడానికి కోడళ్ళు భయపడ్డారు. కృపమ్మ వెళ్ళింది. గోరువెచ్చని నీళ్ళతో పాదాల దగ్గర మొదలుపెట్టి, "అమ్మగారూ, సెయ్యి ఇటివ్వండి. తల ఇలగ తిప్పండి" అని బతికున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతూ కడిగింది. అప్పట్నుంచి పోయినవాళ్ళందరికీ మీరే. అధికారికీ మీరే, పట్టాల పక్కన పడి చచ్చిన తాగుబోతుకీ మీరే. అది వాక్యం తనకిచ్చిన మర్యాద కాబట్టి తిరిగి పంచిపెట్టాలని ఆమె నమ్మకం.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి ఆమెకి సిరిల్ పుట్టాడు. వాడికి పదకొండేళ్ళప్పుడు శామ్ గుండెనొప్పితో పోయాడు. కొడుకుని పదో తరగతిదాకా లాక్కొచ్చింది. హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లో ఒక హాస్టల్ మెస్సులో కాంట్రాక్టు పని దొరికింది వాడికి. రెండు వందలమంది పిల్లలకి పప్పు వండే గుండిగల్ని ఒక్కడే ఎత్తేవాడు. జెనీ అనే పిల్లతో పెళ్ళయింది. అంతవరకూ బాగానే ఉంది. తాగడం ఎప్పుడు మొదలైందో తల్లికే సరిగ్గా తెలీదు. పని పోయి తాగుడు పట్టిందని కొందరంటారు, తాగుడు పట్టి పని పోయిందని ఇంకొందరంటారు. ఏది ముందయినా నాలుగేళ్ళలో జెనీ చక్రధర్‌పూర్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది, సిరిల్ పొద్దున లేస్తూనే చుల్లు తాగే స్థితికి వచ్చాడు. చుల్లు అంటే ఇక్కడి నాటుసారా. అది పేగుల్ని తినేస్తుందని తాగేవాళ్ళందరికీ తెలుసు.

మూడేళ్ళ కిందటి ఈస్టరు నాడు ఆ సంగతి జరిగింది. గుడి కిటకిటలాడుతోంది. రొట్టె, ద్రాక్షారసం పంచబోతున్నారు. సిరిల్ తూలుతూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. కాసేపటికి లేచి, చెయ్యి చాపుకుని రొట్టె పెట్టిన బల్ల వైపు నడిచాడు. నడవ మధ్యలో భళ్ళున కక్కుకున్నాడు. తెల్లచీరలన్నీ ఒక్కసారి పక్కకి జరిగాయి. సంఘపెద్ద సుందర్ రాజు లేచి నిలబడ్డాడు. ఇంజను డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. పదేళ్ళయినా ఇప్పటికీ ఎవరో పచ్చజెండా ఊపితేగాని అన్నం ముద్ద ఎత్తడని ఇంట్లోవాళ్ళే వెటకారం చేస్తారు.

"కృపమ్మా! నీ కొడుకుని తీసుకుపో. గుడి పాడవతన్నాది" అని అరిచాడు.

కృపమ్మ లేచింది. కొడుకు కాలరు పట్టుకుని గుమ్మందాకా ఈడ్చింది.

"అమ్మా, ఒక్క ముక్కే. ఒక్క రొట్టె ముక్క తీసుకుని ఎల్లిపోతానే" అన్నాడు వాడు.

ఆమె వాణ్ణి మెట్ల మీదికి తోసి, తలుపులు రెండూ వేసి గడియ పెట్టింది. ఫినాయిలు తెచ్చి నడవంతా తుడిచింది. ఆమె తుడుస్తుండగానే పాట అందుకున్నారు. ఆరాధన అయ్యాక సుందర్ రాజు నలుగురి ముందూ, "గుడికి నీలాటోళ్ళుండాల" అన్నాడు. దాచడమెందుకు, ఆ మాటకి కృపమ్మ పొంగిపోయింది. మరుసటి నెల్లో సంఘం సభ్యుల పుస్తకంలో సిరిల్ పేరు కొట్టేశారు. అప్పుడు కూడా ఆమె నోరెత్తలేదు. వాడు మళ్ళీ గుడి మెట్లెక్కలేదు. మూడేళ్ళూ ఆమె వాడికి అన్నం పెడుతూనే ఉంది, వాడు తినకుండానే ఉన్నాడు. సంఘంలోంచి ఒక్కరు వాడి గురించి అడగలేదు.

ఈ మధ్యనే కొత్త పాస్టరు వచ్చాడు, ప్రశాంత్ అని. ముప్పై దాటలేదు, బాగా చదువుకున్నాడు, మంచివాడే. ఆరు ఆదివారాలు వరసగా గుడి గురించే ప్రసంగాలు చేశాడు. ఎడారిలో డేరా గుడి, సొలొమోను రాళ్ళ గుడి, అది కూలిపోయి జనం ఏడవడం, ప్రభువు తన శరీరాన్నే గుడి అని చెప్పడం, ఆయన చనిపోయిన ఘడియలో గుడి తెర నిలువునా చిరగడం, అన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. ఆఖరి ఆదివారం, రాబోయే పరలోక పట్టణంలో అసలు గుడే ఉండదు, దేవుడే అక్కడ గుడి అన్నాడు. ఆ రోజు కృపమ్మ దిగులుగా ఇంటికొచ్చింది.

"అక్కడ గుడి ఉండదంట. మరి నాకేటి పని?" అని నూకాలమ్మని అడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె నవ్వగా నూకాలమ్మ చూడడం అదే ఆఖరు.

సిరిల్‌కి ఆ శ్రావణంలో కళ్ళు పసుపెక్కాయి, పొట్ట ఉబ్బింది. ప్రభుత్వాసుపత్రిలో మంచం దొరక్క వరండాలో పడుకోబెట్టారు. నాలుగో రోజు తెల్లవారాక రక్తం కక్కుకుని పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు. తొమ్మిది గంటలకల్లా ఇంటికి తెచ్చారు.

"ఈ ఒక్కడికీ వేరేవోళ్ళని పిలుద్దామే. నీ వల్ల కాదు" అని నూకాలమ్మ బతిమాలింది.

"నాను కాక ఇంకెవులున్నారు?" అంది కృపమ్మ.

తలుపు చేరవేసి నీళ్ళు కాచుకుంది. పాదాలు నీరుపట్టి వేలు పెడితే సొట్టపడుతున్నాయి. గుండిగలెత్తిన చేతులు పుల్లల్లా ఉన్నాయి. నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. కొడుకుని పుట్టినప్పట్నుంచీ ఒరే తప్ప ఇంకోమాట అని ఎరగదు. అయినా అంది.

"సిరిల్ బాబుగారూ, సెయ్యి ఇటివ్వండి."

ఆ మాట అన్నాక ఆమె వల్ల కాలేదు. నేలమీద చతికిలబడి, చీరచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత లేచి పని పూర్తి చేసింది. గోళ్ళు కూడా తీసింది.

పన్నెండింటికి గుడికి వెళ్ళింది. గుడి పక్క గదిలో పాస్టరూ సుందర్ రాజూ కూర్చుని ఉన్నారు. ఆమె అడిగినవి రెండే. పెట్టె ఓ పది నిమిషాలు గుడిలో బల్ల ముందు ఉంచాలి. సమాధుల తోటలో శామ్ పక్కన చోటివ్వాలి.

"పేరు కొట్టేసినాం కదా. పేరు లేనోడికి గుడిలో ఏటుంటాది?" అన్నాడు సుందర్ రాజు. "రూలు రూలే. గోడవార జాగా ఉన్నాది, అక్కడ పెట్టుకో."

పాస్టరు ప్రశాంత్ గొంతు తగ్గించి మాట్లాడాడు. "నాకూ బాధగానే ఉంది కృపమ్మా. కానీ తాగి తాగి తన దేహాన్ని తనే నాశనం చేసుకున్నాడు. దేవుని గుడిని పాడుచేసేవాణ్ణి దేవుడు పాడుచేస్తాడని ఉంది కదా. ఆ వాక్యం నీకు నేను చెప్పాలా?"

"తెలుసు బాబూ. దాని ముందే ఇంకోటున్నాది. అందులో పౌలుగారు నన్ను మీరు అన్నాడు. అంట్లు తోముకునేదాన్ని, నన్నే మీరు అన్నోడు నా కొడుకుని అనడా?"

పాస్టరుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చిన్నగా నవ్వాడు. అందులో ఎగతాళి లేదు, తెలిసినవాడు తెలియనివాళ్ళని చూసి నవ్వే నవ్వు.

"అది మర్యాద కోసం అన్న మీరు కాదు కృపమ్మా. పౌలు రాసిన గ్రీకు భాషలో ఒక్కరైతే ఒక మాట, పదిమందైతే ఒక మాట. అక్కడ మీరంటే మీరందరూ అని. సంఘమంతా కలిస్తే ఒక గుడి. ఒక్కొక్కరం అందులో ఒక్కో రాయి. మన తెలుగులో రెండింటికీ ఒకటే మాట కాబట్టి నువ్వలా అనుకున్నావు."

కృపమ్మ గోడకి చెయ్యి ఆనించింది. నలభై ఏళ్ళకి పైగా ఈ లోకంలో తనకి దక్కిన మర్యాద ఆ ఒక్క మాటే. అది తనది కాదని ఒక కుర్రాడు అరనిమిషంలో తేల్చేశాడు. కొడుకు పోయిన రోజు అది కూడా పోయింది. ఆమె చురుకైన మనిషి కాదు. దేన్నయినా నేల తుడిచినట్టు ఓ మూల నుంచి మొదలుపెట్టి ఇంకో మూలదాకా వెళ్తేగాని ఆమెకి తెగదు. ఆ మాటనీ అలాగే పట్టుకుంది.

"అంటే నానొక్కద్దాన్నే గుడి కాదంతావు. అందరం కలిస్తేనే గుడంతావు."

"అవును."

"నాకైతే అందరూ అన్నావు. మరి ఆడికైతే ఒక్కడేటి? పాడయిన గుడి ఆడొక్కడే ఎలగైనాడు?"

పాస్టరు ముందున్న బైబిలు పేజీలు తిప్పాడు.

"ఆడు ఇందులో రాయే కదా. పన్నెండేళ్ళప్పుడు నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇచ్చి, మా వోడైనాడు అన్నారు. ఆ రాయి దాన్నంతటది ఊడిపోనేదు బాబూ. ఊడదీసి బైటికి ఇసిరినారు. మరి గుడిని పాడుసేసినోడు ఎవుడు?"

"కృపమ్మా, మాట జాగ్రత్త!" సుందర్ రాజు ఒంటికాలి మీద లేచాడు. "ఆణ్ణి ఎవులు ఇసిరినారు? తోసింది నువ్వు కాదేటి? అందరం సూసినాం!"

ఆ మాట నిజం. అతను నోరు మూయించడానికి అన్నాడు గానీ, కృపమ్మకి నోరు పడిపోవడం కాదు, కళ్ళు తెరుచుకున్నాయి. ఆ కాలరు, ఆ మెట్లు, ఒక్క ముక్క అన్న గొంతు, ఆ తలుపు గడియ. గుడి పాడవుతోందని విని, గుడిని బయటికి తోసేసి, నేల తుడుచుకుంది తను. పైగా పొంగిపోయింది. ఆ పొంగడం గుర్తొచ్చి ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నానే బాబూ" అంది. "ఈ సేత్తోనే. మీరు సెప్పినారు, నాను తోసినాను. ఫినాయిలేసి తుడిసినాను. దేవుడు పాడుసేస్తే మనందర్నీ కలిపి సెయ్యాల."

చివరికి పాస్టరు నాలుగింటికి సమాధి దగ్గరికి తను వస్తానన్నాడు. సుందర్ రాజు అతని వైపు ఒక్క చూపు చూశాడు. నాలుగు కాకముందే పాస్టరయ్యగారికి జ్వరమని కబురొచ్చింది. నిజమే అయ్యుండొచ్చు. వర్షాకాలం, ఊళ్ళో జ్వరాలున్నాయి.

పెట్టెని టోటో బండిలో ఎక్కించారు. ఆ బ్యాటరీ రిక్షాలో పెట్టె సగం బయటికే ఉంది. మెస్సులో సిరిల్‌తో పనిచేసిన బెంగాలీ వాళ్ళు ఇద్దరు దాన్ని పట్టుకుని నడిచారు. కృపమ్మ ముందు సీట్లో, నూకాలమ్మ వెనక నడుస్తూ. సమాధుల తోటకి గుడి ముందు నుంచే దారి. అక్కడ గుడి గేటు లోపల ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు, తెల్లబట్టల్లో. రాకుండా ఉండడానికి మనసొప్పక వచ్చారు, వచ్చాక గేటు దాటడానికి ధైర్యం చాలక నిలబడ్డారు. గేటు పక్కన కుర్చీ వేసుకుని సుందర్ రాజు కూర్చున్నాడు.

కృపమ్మ బండి ఆపించి దిగింది.

"గుడి తలుపు తియ్యమనను" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు, అందరికీ వినబడింది. "మీరందరూ కలిస్తే గుడంట. అయ్యగారు సెప్పినారు. ఒక్కపాలి ఈ రోడ్డు మీదికొచ్చి ఈడి సుట్టూ నిలబడండి. రెండు నిమిషాలు. ఆడు గుడిలోకెల్లినట్టే అవుతాది."

ఆ ముప్పై మందిలో ఆమె చెయ్యి పడని ఇల్లు ఒక్కటీ లేదు. ఒకరి తల్లిని, ఒకరి మొగుణ్ణి, ఒకరి పసికందుని ఆమే కడిగి పంపింది. ఆ మాట ఆమె అనలేదు. వాళ్ళకి గుర్తులేకా కాదు. అందరూ సుందర్ రాజు వైపు చూశారు. అతను వాచీ చూసుకున్నాడు. ఒకామె ఒక్క అడుగు ముందుకేసింది, మొగుడు మోచెయ్యి పట్టుకుని ఆపాడు. ఆమె ఆగిపోయింది. ఎవరో పాట ఎత్తబోయి మానుకున్నారు. చినుకులు మొదలయ్యాయి. గేటు అవతల ఒకటొకటిగా గొడుగులు తెరుచుకున్నాయి.

కృపమ్మ ఆ వానలో అలాగే నిలబడింది. రెండు నిమిషాలన్నది, పది నిమిషాలు చూసింది. పెట్టె మీద నీళ్ళు కారుతున్నాయి.

"మాషీమా, జాబో?" అని బండివాడు మెల్లగా అడిగాడు, పిన్నీ, వెళ్దామా అని. ఆమె తల ఊపి ఎక్కింది.

సమాధుల తోటలో తీతు గోడవార గొయ్యి తవ్వి ఉంచాడు. ఎప్పట్నుంచో అక్కడి కాపలా అతనే. గొయ్యిలో మోకాటిలోతు నీళ్ళు చేరితే రేకుడబ్బాతో తోడిపోశాడు. మళ్ళీ ఊరాయి. ఆ నీళ్ళలోకే దించారు పెట్టెని. ప్రార్థన చేసేవాళ్ళు లేరు. తీతు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మెస్సువాళ్ళిద్దరూ వాళ్ళ పద్ధతిలో చేతులు జోడించారు.

"ఏదో ఒకటి నువ్వే అనవే. మీ దేవుడికి సెప్పు" అంది నూకాలమ్మ ఏడుస్తూ.

కృపమ్మ తడి మట్టి పిడికిట్లోకి తీసుకుని గొయ్యి అంచున కూర్చుంది. దేవుడికేమీ చెప్పలేదు. లోపలికి వంగి కొడుకుతో మాట్లాడింది.

"మిగతావోళ్ళు రానేదురా, సిరిలూ. నిన్ను పాడుసేసినోళ్ళలో నానొక్కద్దాన్నే వొచ్చినాను."